అనంతపురంలో బౌంటీ: మొదటి ఓడే మూడు కొయ్యలది, దారి చెప్పండి

ఎండల_ఓడ | అనంతపురం | ఏప్రిల్ 6, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా చిన్నాన్న కొడుకు ఇంగ్లండ్ నుంచి వస్తూ నాకో పెట్టె తెచ్చిచ్చాడు. చిన్నప్పుడు ఇద్దరం అట్టముక్కలతో ఓడలు చేసి మిద్దె మీద నీళ్లతొట్టిలో వదిలేవాళ్లం. వాడు అది గుర్తుపెట్టుకున్నాడు. పెట్టె మీద హెచ్.ఎం.ఎస్. బౌంటీ అని ఉంది, పాతకాలపు ఇంగ్లిష్ తెరచాప ఓడకు చెక్క నమూనా. కొలత 1:48, అంటే అసలు ఓడలో 48వ వంతు. ఓడ పొట్ట పొడవే 58 సెంటీమీటర్లు. ముందుకు పొడుచుకొచ్చే కొయ్యతో కలిపితే మా టీవీ స్టాండు మీద పట్టదు.

విప్పితే లోపల లేజర్‌తో కోసిన ప్లైవుడ్ షీట్లు, చీపురు కట్టలాగా కట్టిన సన్నటి చెక్క బద్దలు, గుండ్రటి కర్రలు, నాలుగు రకాల దారం, ఆవగింజంత ఇత్తడి సామాను, దుప్పటంత నక్షాలు ఆరు. బుక్కు నాలుగు భాషల్లో ఉంది. ఇంగ్లిష్ భాగం చదివితే మిగతా మూడే నయమనిపించింది.

నాకు వడ్రంగం రాదు. సముద్రం మొదటిసారి చూసింది ఇరవై రెండేళ్లప్పుడు, పరీక్ష రాయడానికి విశాఖపట్నం వెళ్లినప్పుడు. అయినా ఇది కట్టాలని ఉంది. ఏ పనిముట్లు కొనాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకోటి, బద్దలు లైమ్‌వుడ్ అని రాశారు. నిమ్మచెట్టు కలపేనా?


చిత్రిక | ప్రొద్దుటూరు | ఏప్రిల్ 6, రాత్రి 10:31

పెట్టె మూసి అటక మీద పెట్టండి.

కోపం తెచ్చుకోకండి. ఈత రానివాడు మొదటి రోజే తుంగభద్రలో దూకినట్టు ఉంది మీ పని. బౌంటీ యుద్ధ నౌకగా పుట్టలేదు. 1784లో బెథియా అనే సరుకుల ఓడగా కట్టారు, తర్వాత నౌకాదళం కొనుక్కుంది. సరుకు ఎక్కువ పట్టాలని దాని ముక్కు గుమ్మడికాయలాగా గుండ్రంగా చేశారు. సన్నటి ముక్కు ఓడకు బద్ద మెల్లగా వంగితే చాలు, దీనికి మోకాలు మడిచినట్టు వంగాలి. కొత్తవాళ్ల బద్దలు విరిగేది అక్కడే.

అదే ఓడలో 23 అడుగుల పడవ ఒకటుంది. ఓడ సిబ్బంది తిరగబడ్డాక కెప్టెన్ బ్లైని, ఆయన వెంట ఉన్న 18 మందిని అందులోనే దింపేశారు. 47 రోజులు ప్రయాణం చేసి తిమోర్ చేరారు. ఆ పడవ నమూనా విడిగా దొరుకుతుంది. ముందు అది కట్టండి, నెల పని. తర్వాత అటక దించండి.


లెక్కల_మేడం | కర్నూలు | ఏప్రిల్ 7, ఉదయం 6:12

చిత్రిక గారు చెప్పింది న్యాయమే, కానీ నేను ఒప్పుకోను. చిన్న పడవ కట్టినా బద్దలు వంచడం తప్పదు. పెట్టె ఇంట్లో ఉంది, మనసు దాని మీద ఉంది. అటక ఎక్కిన పెట్టె మళ్లీ దిగదు. మా ఇంట్లో కుట్టుమిషను సాక్ష్యం.

లైమ్‌వుడ్ నిమ్మచెట్టు కాదు. అది యూరప్‌లో పెరిగే లిండెన్ అనే చెట్టు. అమెరికా వాళ్ల బాస్‌వుడ్ దానికి చెల్లెలు. మెత్తన, ఈనె కనబడదు, గోరుతో నొక్కితే గుంట పడుతుంది. మీ పెట్టెలో ఓడ పొట్టకు రెండు పొరలు ఉండాలి చూడండి. మందపాటివి, అంటే 1.5 మిల్లీమీటర్లవి, మొదటి పొర. అర మిల్లీమీటరు పల్చటివి ముదురు రంగులో ఉంటాయి, అవి వాల్‌నట్, పై పొర. మొదటి పొర ఎంత అసహ్యంగా వచ్చినా పై పొర కప్పేస్తుంది. కొత్తవాళ్లకు ఇది పెద్ద వరం.

పనిముట్లకు వేలు తగలేయకండి. మంచి కత్తి, మార్చుకునే బ్లేళ్లు. స్టీలు స్కేలు. చిన్న ఆకురాళ్ల సెట్టు. 120, 220, 400 నంబర్ల ఉప్పుకాగితం. బట్టల క్లిప్పులు మూడు డజన్లు. తెల్ల ఫెవికాల్. సన్నటి గుండుసూదులు. చేతితో తిప్పే చిన్న డ్రిల్లు మాత్రం తెప్పించుకోవాలి, ఇక్కడ దొరకలేదు నాకు.


పుట్టి | కర్నూలు | ఏప్రిల్ 7, ఉదయం 8:40

అనంతపురంలో ఓడా! వాన పడితే వార్త రాసే ఊళ్లో! అన్నా, మీకు దండం.

నవ్వులాటకు అన్నాను గానీ, రాయలసీమకు పడవలు కొత్తేం కాదు. 1860ల్లో తవ్విన మా కేసీ కెనాల్ నీళ్లు పారించడానికే కాదు, పడవలు నడపడానికి కూడా. కర్నూలు నుంచి కడప దాకా. మా తాత పుట్టి నడిపేవాడు, వెదురు బుట్టకు తోలు కప్పిన గుండ్రటి పడవ. అందుకే ఈ పేరు పెట్టుకున్నా.

ఒక మనవి. కడప వైపు ఎవరైనా "ఎర్రచందనం ముక్క ఉంది, డెక్కుకు భలే ఉంటుంది" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఓడ దింపేలోపు మిమ్మల్ని జీపెక్కిస్తారు.


ఎండల_ఓడ | అనంతపురం | ఏప్రిల్ 7, రాత్రి 10:05

అందరికీ థ్యాంక్స్. చిత్రిక అన్నా, అటక వద్దు, క్షమించండి. కెప్టెన్‌ను పడవలో దింపేసిన కథ మీరు చెప్పాక ఇంకా ఆశ పెరిగింది. రాత్రంతా దాని గురించే చదివాను. సీమపనస మొక్కల కోసం తాహితీ దాకా వెళ్లిన ఓడ! కెప్టెన్ పెద్ద గదిని మొక్కల గదిగా మార్చేశారట. వెయ్యికి పైగా మొక్కలు ఎక్కించుకుని వస్తుంటే 1789 ఏప్రిల్ 28న తిరుగుబాటు, మొక్కలన్నీ సముద్రం పాలు.

శనివారం మొదలుపెడతాను.


ఎండల_ఓడ | అనంతపురం | ఏప్రిల్ 22, రాత్రి 11:15

మొదలుపెట్టాను, మొదట్లోనే దెబ్బ తిన్నాను.

ఓడ వెన్నెముక, అంటే కీల్, ప్లైవుడ్‌తో ఒకే పలక. దానికి అడ్డంగా పక్కటెముకల్లాగా పదకొండు బల్క్‌హెడ్లు దిగుతాయి. షీటు నుంచి కీల్ తీసి, గుంతలు సరిచూసి, టేబుల్ మీద పెట్టి పడుకున్నాను. టేబుల్ పక్కనే కూలర్. రాత్రంతా దాని గాలి తగిలింది. పొద్దున లేచి చూస్తే కీల్ అరటికాయలా వంగింది. ఒక చివర టేబుల్‌కు ఆనిస్తే రెండో చివర 4 మిల్లీమీటర్లు పైకి లేస్తోంది.

టెన్షన్‌తో ఆఫీసులో పనే చేయలేదు. కొత్తది చేయించాలా?


చిత్రిక | ప్రొద్దుటూరు | ఏప్రిల్ 22, రాత్రి 11:40

ఏం చేయించక్కర్లేదు. అనంతపురం గాలికి చెక్క అప్పడంలా ఎండిపోయి ఉంటుంది. ఒక పక్కకే కూలర్ తేమ తగిలింది. తేమ తాగిన పక్క ఉబ్బింది, రెండో పక్కకు వంగింది.

గుంట పడిన వైపు తడిగుడ్డతో తుడవండి, నానబెట్టకండి. చదునైన గ్రానైట్ బండ మీద కింద ఒక ప్లాస్టిక్ కాగితం, మీద ఒకటి. పైన బరువు. రెండు రోజులు ముట్టుకోవద్దు. కూలర్‌ను ఇంకో గదిలో పెట్టండి, లేదా ఓడను పెట్టండి. ఇద్దరూ ఒకే గదిలో కాపురం చేయలేరు.


ఎండల_ఓడ | అనంతపురం | ఏప్రిల్ 25, ఉదయం 7:20

సన్నికల్లు పెట్టాను. మా ఆవిడ రెండు రోజులు మిక్సీ పచ్చడితో సరిపెట్టింది. కీల్ దారం పట్టి చూస్తే సూటిగా ఉంది! కూలర్ మా నాన్న గదిలోకి మారింది. ఆయనొక్కడే సంతోషంగా ఉన్నాడు.


కోరంగి_గాలి | తాళ్లరేవు | ఏప్రిల్ 26, సాయంత్రం 5:02

ఇప్పుడే చూశానండీ ఈ చర్చ. మాది కోరంగి పక్కన. ఒకప్పుడు ఇక్కడ పెద్ద ఓడలే కట్టేవారు, 1839 తుపానుతో రేవు దెబ్బతింది. తాళ్లరేవులో చెక్క ఓడల పని ఆ తర్వాత కూడా సాగింది. చిన్నప్పుడు స్కూలు ఎగ్గొట్టి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒక ముసలి మేస్త్రీ పలక బిగించే ముందు పక్కటెముకల మీద అరచెయ్యి పెట్టి ముక్కు నుంచి వెనక దాకా నిమురుతూ నడిచేవాడు, ఎద్దును నిమిరినట్టు. చెయ్యి ఎక్కడన్నా ఆగితే అక్కడ బాడిసెతో రెండు దెబ్బలు.

మీరూ బల్క్‌హెడ్లు అతికాక ఆ పని చేయండి. బాడిసె బదులు ఉప్పుకాగితం. ఇది మానేస్తే తర్వాత ఏడుస్తారండీ.


లెక్కల_మేడం | కర్నూలు | ఏప్రిల్ 26, రాత్రి 8:18

కోరంగి గారు చెప్పినదాన్ని ఫెయిరింగ్ అంటారు. బల్క్‌హెడ్ అంచు షీటులో నిలువుగా కోసి ఉంటుంది. ఓడ ముక్కు దగ్గర బద్ద ఏటవాలుగా వస్తుంది, అప్పుడు అంచు మొన మీద మాత్రమే ఆనుతుంది. ఆ అంచును కూడా ఏటవాలుగా రుద్దితేనే బద్ద పూర్తి వెడల్పున కూర్చుంటుంది. ఒక కర్రబద్దకు ఉప్పుకాగితం అంటించి, ఒకేసారి మూడు బల్క్‌హెడ్ల మీద ఆడేలా రుద్దండి. అంచుకు పెన్సిల్ గీత పూయండి. గీత చెరిగినంత మేరే రుద్దినట్టు లెక్క.


ఎండల_ఓడ | అనంతపురం | మే 24, రాత్రి 12:05

ఒప్పుకోలు పోస్టు.

ఫెయిరింగ్ చేశాను అనుకున్నాను. నిజానికి ఒక గంట రుద్ది, దుమ్ముకు తుమ్ములొచ్చి ఆపేశాను. బద్దలు వేయాలని తొందర. ఒక్కో వైపు ఏడు బద్దలు వేసేశాను. ఇవాళ లైటు ఆర్పి, సెల్ టార్చ్ ఓడ లోపల పెట్టి చూశాను. ముక్కు దగ్గర మూడు బల్క్‌హెడ్ల మీద బద్దల కింద నుంచి వెలుగు సన్నటి గీతలాగా వస్తోంది. అంటే అవి ఆనడమే లేదు, పక్క బద్ద జిగురు మీద వేలాడుతున్నాయి. బయట నుంచి నిమిరితే మెట్లు మెట్లుగా తగులుతోంది. కుడి వైపు ఒక గుంట ఉంది, బొటనవేలు పడుతుంది.

ఇంకా పాపం చెప్పాలి. ముక్కు దగ్గర బద్దలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే కత్తితో కోసి ఇరికించాను. చూడ్డానికి పాత పళ్లసెట్టులా ఉంది.

పైన వాల్‌నట్ పొర వస్తుంది కదా, పుట్టీ పూసి ముందుకు పోనా?


చిత్రిక | ప్రొద్దుటూరు | మే 24, ఉదయం 5:55

వద్దు. సందుకు పుట్టీ పెట్టొచ్చు, గుంటకు పెట్టొచ్చు. ఆనని బద్దకు పుట్టీ ఏం చేస్తుంది? పై పొర అర మిల్లీమీటరు, చీరకట్టులాంటిది. లోపలి వంపు దాచదు, ఇంకా చూపిస్తుంది.

ఏ జిగురు వాడారు? ఫెవికాల్ అయితే సంతోషించండి. క్విక్ జిగురు అయితే నాతో మాట్లాడకండి.


ఎండల_ఓడ | అనంతపురం | మే 24, ఉదయం 7:01

ముక్కు దగ్గర నాలుగు చోట్ల క్విక్. మిగతా అంతా ఫెవికాల్.


లెక్కల_మేడం | కర్నూలు | మే 24, ఉదయం 7:30

అయితే ఊడదీయొచ్చు. మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ అడగండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్నదైతే మేలు. దూదిని తడిపి అతుకు మీద పరిచి పావుగంట వదలండి. తెల్ల జిగురు జున్నులా మెత్తబడుతుంది. సన్నటి కత్తి మొనతో, లాగకుండా, నెట్టుతూ విప్పండి. క్విక్ ఉన్న నాలుగు చోట్లకు అసిటోన్ ఉన్న గోళ్లరంగు రిమూవర్. కిటికీలు తెరిచి, దీపం దగ్గర లేకుండా చేయండి, రెండూ భగ్గుమనే సరుకు.

ఇప్పుడు బద్దలు ఎక్కడం గురించి. అది కత్తితో కాదు, లెక్కతో తీరుతుంది. కాగితం పట్టీ తీసుకుని ఓడ నడుము దగ్గరి బల్క్‌హెడ్ మీద డెక్కు నుంచి కీల్ దాకా పరిచి కొలవండి. ఉదాహరణకు 110 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. మీ బద్ద 5 మిల్లీమీటర్లు. అంటే 22 బద్దలు. ఇప్పుడు అదే పట్టీతో ముక్కు దగ్గర కొలవండి. 66 వచ్చిందనుకోండి. అక్కడ కూడా ఆ 22 బద్దలే పట్టాలి. 66ను 22తో భాగిస్తే 3. కాబట్టి ప్రతి బద్దనూ ముక్కు వైపు 5 నుంచి 3కు సన్నగా చెక్కుకుంటూ పోవాలి. సగం కంటే సన్నం చేయొద్దు, సూదిమొనలకు జిగురు నిలవదు. వెనక వైపు కొలత పెరిగితే రెండు బద్దల మధ్య చీలిక ముక్క పెట్టుకోవాలి.

ఇంకో సూత్రం. కుడి వైపు ఒకటి వేస్తే ఎడమ వైపు ఒకటి. ఒకే వైపు వేసుకుంటూ పోతే జిగురు ఆరేకొద్దీ లాగి, మీ సన్నికల్లు కష్టమంతా గంగపాలు.


పుట్టి | కర్నూలు | మే 24, ఉదయం 9:12

మేడం దగ్గర పదో తరగతి చదివి ఉంటే నాకు లెక్కల్లో ఇంకో పదిహేను మార్కులు వచ్చేవి.


గుంటమగ్గం | ధర్మవరం | మే 24, రాత్రి 9:44

ఓడల సంగతి నాకు తెలియదు. నేను పట్టు నేస్తాను. మా అబ్బాయి చూపిస్తే చదువుతున్నాను. ఒక మాట చెప్పొచ్చా? చీరలో తప్పు పడితే ముప్పై వరుసలు విప్పుతాం. విప్పేటప్పుడు కోపంగా విప్పితే దారం తెగుతుంది, అప్పుడు నష్టం రెండింతలు. రాత్రిపూట విప్పొద్దు. పొద్దున్నే, టిఫిన్ తిన్నాక.


ఎండల_ఓడ | అనంతపురం | జూన్ 2, రాత్రి 8:30

మగ్గం అన్నా, మీరు చెప్పినట్టే ఆదివారం పొద్దున దోసెలు తిని కూర్చున్నాను. పద్నాలుగు బద్దల్లో పదకొండు ప్రాణాలతో బయటపడ్డాయి. మూడు విరిగాయి. ఆ మూడూ క్విక్ పెట్టినవే.

తర్వాత ఫెయిరింగ్‌కే నాలుగు రోజులు. ఈసారి ఒక బద్దను ఊరికే పట్టుకుని బల్క్‌హెడ్ల మీద వంచి, దీపానికి ఎదురుగా చూశాను. వెలుగు గీత కనబడ్డ చోట రుద్దడం, మళ్లీ చూడటం. కోరంగి గారు చెప్పినట్టు కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరాను. నాలుగో రోజు చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఆ క్షణం పక్కన ఎవరూ లేరు, ఎవరికి చెప్పాలో తెలీక మా నాన్నను పిలిచి నిమరమన్నాను. ఆయన నిమిరి "గేదె డొక్కలా ఉంది" అన్నాడు.


చిత్రిక | ప్రొద్దుటూరు | జూన్ 2, రాత్రి 9:03

మంచి మాటే అన్నాడు ఆయన.

ముక్కు దగ్గర బల్క్‌హెడ్ల మధ్య ఖాళీలో మెత్తటి చెక్క దిమ్మలు అతికించి, అదే వంపుకు చెక్కండి. బద్దకు ఆనుకునే చోటు పెరుగుతుంది. కొండపల్లి బొమ్మలు చేసే పొణికి చెక్క దీనికి సరైనది, కత్తికి వెన్నలా తెగుతుంది. నా దగ్గర రెండు ముక్కలున్నాయి. మీ చిరునామా ప్రైవేటు మెసేజ్‌లో పెట్టండి, బస్సు పార్సిల్‌లో వేస్తాను.

అటక మీద పెట్టమన్నది నేనే. గుర్తుంది. దాని గురించి ఎవరూ మాట్లాడొద్దు.


పర్యవేక్షణ | జూన్ 3, ఉదయం 10:00

ఎర్రచందనం మీద మొదలైన తొమ్మిది పోస్టులను "కలప, చట్టం" విభాగంలోకి మార్చాం. దయచేసి ఇక్కడ ఓడ గురించే రాయండి. దోసెల ప్రస్తావన వరకు పర్వాలేదు.


ఎండల_ఓడ | అనంతపురం | జూలై 19, రాత్రి 10:22

మొదటి పొర పూర్తయింది, పై పొర కూడా వేశాను. కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తుందని బద్దలు వంచిన పద్ధతి రాస్తున్నాను.

ముక్కు దగ్గర వంగాల్సింది చివరి పది సెంటీమీటర్లే. బద్ద చివరను వేడినీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి, ఇడ్లీ పాత్ర మూత కాస్త తీసి ఆ సందులో దూర్చి ఆవిరి పట్టించాను. తీసిన వెంటనే స్టీలు చెంబు చుట్టూ వంచి పట్టుకోవాలి. ఒకటి, రెండు, మూడు అని ముప్పై దాకా లెక్కపెట్టాలి. బద్ద మెల్లగా లొంగిపోవడం వేళ్లకు తెలుస్తుంది, అది తెలిసే దాకా బలం పెట్టకూడదు. తర్వాత ఓడ మీద క్లిప్పులతో బిగించి ఆరనివ్వాలి. తడి మీద జిగురు పెట్టొద్దు. తడిసిన బద్ద వెడల్పు పెరుగుతుంది, ఆరాక కుంచించుకుని సందులు పడతాయి. మేలో మా ఊళ్లో రెండు గంటలకే ఆరిపోయేది, ఎండకు మొదటిసారి థ్యాంక్స్ చెప్పాను.

సందులకు అదే చెక్క రుద్దిన పొడి, ఫెవికాల్ కలిపి మెత్తాను. ఇడ్లీలకు వారం రోజులు చెక్క వాసన వచ్చింది. కొత్త ఇడ్లీ పాత్ర కొనిచ్చాను.

ప్రశ్న: వాల్‌నట్ పొర కూడా కీల్ దగ్గర కాస్త వంకరగా వచ్చింది. నీటిమట్టం కింద రాగి రేకు వేస్తే దాచినట్టు అవుతుందా?


లెక్కల_మేడం | కర్నూలు | జూలై 20, ఉదయం 6:05

దాచినట్టు కాదు, నిజం చేసినట్టు. నౌకాదళం కొన్నాక బౌంటీ అడుగుకు రాగి తొడిగారు. ఉష్ణ సముద్రాల్లో చెక్కను తొలిచే పురుగు పట్టకుండా, నాచు, గవ్వలు అంటకుండా. ఆ కాలపు రేకు సుమారు 4 అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు. 48తో భాగిస్తే మీ ఓడకు 25 మిల్లీమీటర్ల పొడవు, 7 వెడల్పు. వెనక జిగురున్న రాగి టేపు ఆన్‌లైన్‌లో 6 మిల్లీమీటర్లది దొరుకుతుంది, సర్దుకోండి. వెనక నుంచి ముందుకు, కింద నుంచి పైకి వేయండి, ఇంటి పెంకుల్లాగా ఒకదాని అంచు మీద ఒకటి రావాలి.


ఎండల_ఓడ | అనంతపురం | ఆగస్టు 30, రాత్రి 9:15

రాగి అయిపోయింది. ఏడొందల ముక్కలు దాటాక లెక్క వదిలేశాను. ఒక్కటే బాధ, వేలిముద్రలు పడిన చోటల్లా నల్లబడింది. మా అమ్మ చింతపండు, ఉప్పు పట్టుకుని వచ్చింది, "రెండు నిమిషాల్లో చెంబులా మెరిపిస్తా" అని.


చిత్రిక | ప్రొద్దుటూరు | ఆగస్టు 30, రాత్రి 9:17

ఆపండి!! చింతపండు నీళ్లు సందుల్లోకి దిగితే టేపు లేస్తుంది. స్పిరిట్ గుడ్డతో తుడిచి వదిలేయండి. ఏడాదికి మొత్తం ఒకే రంగుకు వస్తుంది. అసలు ఓడ కూడా మెరిసేది కాదు.


ఎండల_ఓడ | అనంతపురం | ఆగస్టు 30, రాత్రి 9:19

ఆపాను. అమ్మకు కోపం వచ్చింది.


ఎండల_ఓడ | అనంతపురం | నవంబరు 16, రాత్రి 10:40

డెక్కు, ఫిరంగులు, మూడు కొయ్యలు అయ్యాయి. డెక్కు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బద్దల అంచుకు పెన్సిల్ రుద్ది అతికిస్తే సందుల్లో తారు కుక్కినట్టు కనబడుతుంది, అంతే. కొయ్యలు పైకి పోయేకొద్దీ సన్నబడాలి. గుండ్రటి కర్రను డ్రిల్ మిషనుకు బిగించి, తిరుగుతుంటే ఉప్పుకాగితం పట్టుకున్నాను. వేళ్లు కాలాయి గానీ బాగా వచ్చాయి.

ఇప్పుడు తాళ్లు. కొయ్యను పక్కలకు పట్టి ఉంచే తాళ్లు నల్లవి, తారు పూసినవి కాబట్టి. తెరచాపలను లాగేవి లేత గోధుమ రంగు. ఇంతవరకు అర్థమైంది. నల్ల తాళ్లకు అడ్డంగా నిచ్చెన మెట్లలా కట్టే ర్యాట్‌లైన్లే ప్రాణం తీస్తున్నాయి. నావికులు ఎక్కే మెట్లు అవి. ఒక్కో మెట్టు ఏడు మిల్లీమీటర్ల దూరం. ఐదు నిలువు తాళ్లు, ఇరవై వరుసలు, ఒక్క వైపే వంద ముడులు. పన్నెండు వరుసలు కట్టి దూరం నుంచి చూస్తే నిలువు తాళ్లు మధ్యలో లోపలికి లాక్కుపోయి, నడుము బిగించినట్టు అయ్యాయి. దారానికి నూగు కూడా లేస్తోంది.


గుంటమగ్గం | ధర్మవరం | నవంబరు 16, రాత్రి 11:02

ఇది నాకు తెలుసు!

కొత్త నేతగాడు పేకను గట్టిగా లాగితే చీర అంచులు లోపలికి పోతాయి, వెడల్పు తగ్గుతుంది. అందుకే మేము రెండు అంచుల మధ్య అడ్డంగా బద్ద పెట్టి సాగదీసి ఉంచుతాం. మీరూ నిలువు తాళ్లకు అడ్డంగా పైన ఒకటి, మధ్యలో ఒకటి సన్నటి వెదురు పుల్ల కట్టండి. ఊదుబత్తి పుల్ల చాలు. పని అయ్యాక తీసేయండి. ముడి వేసేటప్పుడు దారాన్ని లాగొద్దు, వేలితో నెట్టి కూర్చోబెట్టండి. మధ్య తాడు నుంచి మొదలుపెట్టి రెండు పక్కలకు పోండి.

పట్టు దారం పంపుదామనుకున్నా. కానీ పట్టు మెరుస్తుంది, ఓడ తాడు మెరవదు. నూలే వాడండి. నూగు పోవాలంటే దారాన్ని దీపం మంట మీదుగా చటుక్కున లాగి, తర్వాత తేనెమైనం ముద్దలో రెండుసార్లు దూర్చండి. మంట దగ్గర ఆగితే తెగుతుంది.

ముడి ఏది వేస్తున్నారు?


ఎండల_ఓడ | అనంతపురం | నవంబరు 16, రాత్రి 11:10

బుక్కులో క్లోవ్ హిచ్ అని ఉంది. తాడు చుట్టూ రెండు మెలికలు, రెండోదాని కింద నుంచి కొస బయటికి. కట్టాక మా నాన్నకు చూపిస్తే నవ్వాడు. గొడ్డును గుంజకు కట్టే పలుపు ముడి ఇదేనట. "దీనికి బుక్కు కావాల్సి వచ్చిందా" అన్నాడు.


కోరంగి_గాలి | తాళ్లరేవు | నవంబరు 17, ఉదయం 6:40

మగ్గం గారూ, తెగిన పడుగు పోగులు కలపడానికి మీరు వేసే చిన్న ముడి ఉంది కదా, దాన్నే ఓడవాళ్లు షీట్ బెండ్ అంటారు. నేతగాడి ముడి అన్నా అదే. గుంటలో కూర్చుని ముప్పై ఏళ్లుగా ఓడ ముడులు వేస్తున్నారండీ మీరు.


గుంటమగ్గం | ధర్మవరం | నవంబరు 17, ఉదయం 9:30

మా ఆవిడకు చెప్పాను. "అయితే ఎప్పుడు ఎక్కిస్తావు ఓడ" అంటోంది.


ఎండల_ఓడ | అనంతపురం | డిసెంబరు 14, రాత్రి 9:58

పన్నెండు వరుసలూ విప్పేసి మళ్లీ కట్టాను, ఊదుబత్తి పుల్లలతో. పెద్ద కొయ్యకు కుడి వైపు పూర్తయింది. వెనక తెల్ల అట్ట మీద ఏడేసి మిల్లీమీటర్లకు గీతలు గీసి నిలబెట్టాను, వరుసలు వంకర పోలేదు. నడుము సన్నబడలేదు. రాత్రికి రెండు వరుసల కంటే కట్టడం లేదు, కళ్లు లాగుతున్నాయి. నాన్న పక్కన కూర్చుని మైనం పూసి ఇస్తున్నాడు.

ఫొటో పెట్టాను. కింద నుంచి తీశాను, ఆకాశంలోకి చూసినట్టు ఉంటుందని.


పుట్టి | కర్నూలు | డిసెంబరు 14, రాత్రి 10:06

అన్నా!! డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నా.


చిత్రిక | ప్రొద్దుటూరు | డిసెంబరు 14, రాత్రి 10:20

ముక్కు దగ్గర వంపు బాగుంది. పొణికి ముక్కలు పనికొచ్చినట్టున్నాయి.


గుంటమగ్గం | ధర్మవరం | డిసెంబరు 14, రాత్రి 10:47

పెద్దది చేసి చూశాను. కింద నుంచి ఏడో వరుస, ఎడమ నుంచి మూడో తాడు. ముడి తిరగబడింది. కొస పైకి వచ్చింది, మిగతావన్నీ కిందికి ఉన్నాయి.


ఎండల_ఓడ | అనంతపురం | డిసెంబరు 14, రాత్రి 10:55

నాన్న కూడా అదే అన్నాడు, నేను ఒప్పుకోలేదు. రేపు పొద్దున విప్పుతాను. టిఫిన్ తిన్నాక.